చంటి మీద హోమియో కేసు

తెనాలి హాస్టల్ నుంచి

ఒరే చంటీ,

అక్క దీవెనలు. నువ్వు ఫోనెత్తి మాట్లాడవు కాబట్టి మెసేజే ఉత్తరంలా రాస్తున్నా. నువ్వూ అలాగే రాయి, నేను నేర్పిన తెలుగు టైపింగ్ మర్చిపోకుండా ఉంటావు. హోమియో చదువులో నాకు ఫిలాసఫీ పేపరు ఒకసారి పోయిందని మన ఇళ్లల్లో నీకొక్కడికే తెలుసు. ఈసారి శుక్రవారంలోపు ఒక కేసు రాసి చూపించకపోతే అసలు పరీక్షకే కూర్చోనివ్వరట. అందుకని నీ మీద కేసు రాద్దామనుకుంటున్నా. ఏదీ దాచకుండా చెప్పేయ్. మా సార్ సంతకం పెడితే పనైపోయినట్టే.

ఇట్లు, ఝాన్సీ అక్క

తా.క. భయపడకు. నీ పేరు బయటికి రానివ్వను.

బాపట్ల నుంచి

ఝాన్సీ అక్కకి చంటి నమస్కారం పెట్టి రాసేది,

అక్కా నేనేం చేశాను? నీ మెసేజ్ చూసి రేపల్లెలో ఏ బస్సు కనపడితే ఆ బస్సెక్కేశా. ఇప్పుడు బాపట్ల ఆదిలక్ష్మత్త ఇంట్లో ఉన్నా. లైసెన్స్ లేకుండా మావయ్య బండి తోలింది నిజమే, కానీ హోటల్‌కి పాలు తేవడానికేగా. దానికి కేసు దాకా ఎందుకక్కా? నాకు టైపింగ్ నేర్పినదానివి, నువ్వు వెళ్లమంటే జైలుకైనా వెళ్తా. ఆ సార్ ఎస్సైయ్యా, సీఐయ్యా? అది ఒక్కటి చెప్పు.

భయంతో, చంటి

తా.క. ఏంట్రా ఊడిపడ్డావ్ అని అత్త అడిగితే సముద్రం చూద్దామని అన్నా. పొద్దున్నించీ చూపిస్తానే ఉంది. ఇంటికెళ్దామంటే ఊరుకోవట్లా.

తెనాలి నుంచి

ఒరే వెర్రిబాగులోడా,

పోలీసు కేసు కాదురా! రోగి తన బాధంతా చెప్తుంటే రాసుకోవడాన్ని మా దాంట్లో కేసు అంటారు. రోగాన్ని కాదు, మనిషిని చూడాలనేది మా సూత్రం. ఇంకోటి, మనుషుల లోపల సోరా అని ఒకటుంటుంది. మొండి రోగాలకి చాలావాటికి అదే మూలం అంటుంది మా పుస్తకం. నీ లోపలా ఉండే ఉంటుంది. దాన్ని బయటికి లాగాలి. ముందు రేపల్లె వెళ్లి తీరిగ్గా రాయి.

ఇట్లు, నీ వల్ల నవ్వలేక చస్తున్న అక్క

తా.క. మావయ్య నాకు ఫోన్ చేశాడు. ఆయన మాత్రం నిజంగానే పోలీసు కేసు పెడతానంటున్నాడు, నువ్వు తప్పిపోయావని.

రేపల్లె నుంచి

ఝాన్సీ అక్కకి తిరిగొచ్చిన చంటి రాసేది,

మావయ్య తిట్టాడు, తర్వాత అన్నం పెట్టాడు. కానీ అక్కా, నా లోపల సొర లేదు, ఒట్టు. నిర్మల పిన్ని బాలింత కదా, పాలు పడతాయని నిజాంపట్నం నుంచి సొరచేప తెప్పించి వండారు. నేను వాసన చూశానంతే. తిన్నానని నీకెవరు చెప్పారు? బయటికి లాగడమంటే వాంతుల మందా?

ఇట్లు, ఏమీ తినని చంటి

తా.క. సొరలో మొండి రోగాలుంటాయంట అని పిన్నికి చెప్పా. కూరంతా పారబోసింది. వాళ్లత్తగారు నీ నంబర్ అడిగి తీసుకుంది.

తెనాలి నుంచి

చంటీ,

ఆ సొర వేరు, మా సోరా వేరు. మాది ఈదదు, దాన్ని వండరు. ఇంక నేనేమీ అనను. రోగి చెప్పేటప్పుడు మధ్యలో అడ్డుపడకూడదు, అదీ సూత్రమే. రేపే శుక్రవారం. నీ బాధేంటో నీ మాటల్లో రాయి.

అక్క

తా.క. పిన్ని వాళ్లత్తగారు ఫోన్ చేసింది. ఆవిడ చెప్పేటప్పుడు కూడా అడ్డుపడలేకపోయా.

రేపల్లె నుంచి

ఝాన్సీ అక్కకి చంటి రాసేది,

నాకేం రోగం లేదక్కా. మావయ్య హోటల్లో సప్లయి చేస్తున్నా. అంతే.

ఉంటా, చంటి

తా.క. నీలం టిక్కులు పడ్డాయి. ఏమీ అనవేంటి? కోపమొచ్చిందా?

ఇంకో తా.క. సరే చెప్తా. ఎవరైనా వచ్చి టిఫినేముంది బాబూ అంటే ఇడ్లీ అంటా. తర్వాత వడ, పెసరట్టు, ఉప్మా అనాలి. గొంతు దాకా వస్తాయి, అక్కడ ఆగిపోతాయి. అందరూ ఇడ్లీయే తిని పోతున్నారు. పెసరపిండి రోజూ పులిసిపోతోంది. ఈ ఊళ్లో జనానికి పెసరట్టు ఎందుకు పడట్లేదో అని మావయ్య దిగులు. నా వల్లే అని ఆయనకి తెలీదు.

ఇంకో తా.క. ఇంకా మాట్లాడవా? ఆరో క్లాసులో పాఠం చదవమని లేపినప్పుడూ ఇంతే. మాట రాలా. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి బడికి వెళ్లలేదు. ఎందుకు మానేశావని తిట్టారు గానీ, అడగలేదు ఎవరూ.

ఇంకో తా.క. అయిపోయింది. ఇంక తిట్టినా పర్లేదు. మందుంటే పంపు.

తెనాలి నుంచి

నా బంగారు చంటీ,

కోపం కాదురా, చదువుతూ కూర్చున్నా. మా సార్ చూసి, ఈ కుర్రాడి చేత ఇంత ఎలా చెప్పించావమ్మా అన్నారు. నేనేం చెయ్యలేదండి, ఊరుకున్నానంతే అన్నా. సంతకం పెట్టేశారు! అటొస్తున్న మా హాస్టల్ సరోజిని చేత చిన్న గోళీల సీసా పంపుతున్నా. ఒక్కసారి వేసుకో, చాలు. తక్కువ ఇవ్వడమే మా పద్ధతి. ఘాటు వాసన తగలని చోట పెట్టు.

ఇట్లు, అక్క

తా.క. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ మాటలు రావు.

రేపల్లె నుంచి

అక్కకి చంటి రాసేది,

సీసా అందింది. హోటల్లో ఎక్కడ చూసినా ఉల్లిపాయ, ఇంగువ, కాఫీ. ఘాటు లేని చోటు పంచదార డబ్బా పక్కన ఒక్కటే దొరికింది. అక్కడ పెట్టా. మంగళవారం వేసుకోవద్దంది అమ్మమ్మ. రేపు వేసుకుంటా.

ఇట్లు, చంటి

తా.క. పరీక్ష బాగా రాయి. నువ్వు ఫెయిలైతే నా కేసు కొట్టేసినట్టా?

తెనాలి నుంచి

చంటీ,

రిజల్ట్స్ వచ్చాయి, పాసయ్యానురా! నువ్వు కేకేసి టిఫిన్లు చెప్తున్నావని మావయ్య ఫోన్ చేశాడు. ఝాన్సీ, నీ చెయ్యి చాలా మంచిదమ్మా అన్నాడు. సిగ్గేసింది. ఎందుకంటే అవి ఒట్టి పంచదార గోళీలు. స్టూడెంట్‌ని, నేను మందివ్వకూడదు. నువ్వు అడిగావని మనసొప్పక పంపా. క్షమించు.

ఇట్లు, ఇంకా డాక్టరు కాని అక్క

తా.క. మావయ్యకి చెప్పకు.

రేపల్లె నుంచి

ఝాన్సీ అక్కకి చంటి వెయ్యి దణ్ణాలతో రాసేది,

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్తా. ఆ గోళీలు నేను వేసుకోలేదక్కా. ఆ బుధవారం చూస్తే మూత వదులైపోయి ఉంది, సీసాలో గోళీల్లేవు, నిండా చీమలు. నువ్వు బాధపడతావని చెప్పలా. అప్పుడే ఒకాయనొచ్చి ఏముంది బాబూ అన్నాడు. నీకంతా చెప్పేశాను కదా, గొంతులో ఏమీ అడ్డం లేదనిపించింది. ఇడ్లీ వడ పెసరట్టు ఉప్మా అనేశా. ఆయన పెసరట్టు ఉప్మా చెప్పాడు. మావయ్య పెనం వదిలేసి, ఎవర్రా ఆ అరిచింది అని పరిగెత్తుకొచ్చాడు. నేనే అంటే నమ్మలా, మళ్లీ అరిపించాడు. ఇన్నాళ్లకి నా మాట మధ్యలో ఆపకుండా విన్నది నువ్వేనక్కా. నీ మేలు మర్చిపోను.

ఇట్లు, నీ మొదటి పేషెంటు చంటి

తా.క. నీ గోళీల్లో మందు లేదంటే నేనొప్పుకోను. చీమలకి బెరుకు పూర్తిగా పోయింది. పిలవకుండానే కస్టమర్ల ప్లేట్లలోకి వచ్చేస్తున్నాయి. వాటికి మళ్లీ సిగ్గొచ్చే గోళీలుంటే సరోజినక్క చేత పంపు.