మూడు ట్యాబులు, ఒకే పేరు

సిరిసిల్ల,
ఆదివారం.

ప్రేమగల అక్కకు,

నీ చెల్లెలు సుగుణ దండం పెట్టి రాస్తున్న మాటలు. రాజన్న దేవుడి దయవల్ల నా ఒంట్లో బాగానే ఉంది. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావ వేళకు మందులు వేసుకుంటున్నాడా?

రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఈ కాగితాలేమిటని అనుకుంటావు. నువ్వు ఫోన్ స్పీకర్‌లో పెడతావు, ఇంట్లో అందరూ వింటారు. పైగా కోపం వస్తే నాకు గొంతు లేవదని నీకు తెలుసు. "ఏం లేదక్కా, మంచిగనే ఉన్న" అని పెట్టేస్తాను. వారం నుంచి అలాగే పెట్టేస్తున్నాను. ఇక ఉండలేక పెన్ను పట్టాను.

ఇక్కడ చలి మొదలైంది. మగ్గాల చప్పుడుకు మొదట్లో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు కరెంటు పోయి అవి ఆగితేనే మెలకువ వస్తోంది. ఒక్కదానికే వండుకోవడం మాత్రం ఇంకా చేతకాలేదు. పచ్చిపులుసు ఎప్పుడు చేసినా ఇద్దరికి సరిపడా అవుతుంది.

బడిపిల్లల బట్టలు కుట్టే షెడ్డులో నన్ను కటింగ్ టేబుల్ మీద పెట్టారని చెప్పాను కదా. దారాలు కత్తిరించే పని నుంచి అక్కడిదాకా రావడానికి ఎంత కష్టపడ్డానో నీకు తెలుసు. ఆ పని పోతే ఈ గది ఉంచుకోలేను, సామాను కట్టుకొని కోరుట్లకు రావాల్సిందే.

మా టేబుల్ మీద ఒక ట్యాబ్ ఉంటుంది. కొలతల బొమ్మలు మేనేజర్ సంతోష్ ఫోన్ నుంచి, నెట్ లేకుండానే, దానిలోకి వస్తాయి. జగిత్యాల నుంచి నీ బిడ్డ సంధ్య ఇంటికి వచ్చినప్పుడు తన ఫోన్ నీ ఫోన్ పక్కన పెట్టి ఫొటోలు పంపుతుందే, అదే పద్ధతి.

దసరా తర్వాత మొదటి కొత్త ఆర్డర్ ఈ వారమే వచ్చింది. లాగుల బొమ్మ పంపానన్నాడు సంతోష్. అతని ఫోన్‌లో వెళ్ళినట్టే ఉంది, మా ట్యాబ్‌లో ఏమీ లేదు. బ్లూటూత్ ఆపి మళ్ళీ పెట్టాడు. వైఫై ఆపి మళ్ళీ పెట్టాడు. ఫోన్, ట్యాబ్ రెండింటినీ ఆర్పి వెలిగించాడు. ఫోన్‌ను ట్యాబ్‌కు ఆనించి కూడా చూశాడు. ఎన్నిసార్లు చేసినా అక్కడ పోయినట్టే, ఇక్కడ రానట్టే. చివరికి నా వైపు తిరిగాడు. శుక్రవారం పూట కత్తెరకు, టేబుల్‌కు పెట్టినట్టే ట్యాబ్ వెనక కూడా నేను చిన్న బొట్టు పెడతాను.

"కుంకుమ బొక్కలల్లకు పోయింది. లేకపోతె అచ్చింది అచ్చినట్టు నువ్వే డిలీట్ కొట్టినవ్. దండాలు పెట్టుడు అస్తది గని ట్యాబ్ పట్టుడు రాదు నీకు," అన్నాడు. ఆడవాళ్ళంతా మిషన్లు ఆపి చూశారు. కొడుకు వయసువాడు, అక్కా.

"నేను దాన్ని ముట్టనే లేదు సంతోష్," అన్నాను. నా మాట నాకే వినపడలేదు. ఆ మధ్యాహ్నమే నన్ను తీసుకెళ్ళి దారాల గుంపులో కూర్చోబెట్టాడు.

మర్నాడు అన్నాల వేళ పక్క షెడ్డు రాజవ్వ వచ్చింది. ఆ షెడ్డు కూడా మా యజమాని సేటుదే. వాళ్ళ ట్యాబ్ చంకలో పెట్టుకొని వచ్చి, "ఓ సంతోషూ, నిన్నటి సంది మాకు లాగుల బొమ్మలు అచ్చి పడుతున్నయ్. అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయ్. మేం కుట్టేది లంగాలు. మాకెందుకయ్యా నీ లాగులు?" అంది.

అప్పుడు తెలిసింది సంగతి. సేటు తన ఆటో మీద, మగ్గాల మీద అంజన్న దేవుడి పేరు రాయించుకున్నాడు. దసరా నాడు ఆయుధపూజలో, మూడు షెడ్ల ట్యాబులకూ పాత నంబర్లు తీయించి అదే పేరు పెట్టించాడట. సంతోష్ బొమ్మ పంపబోతే ఫోన్‌లో ముగ్గురు అంజన్నలు కనిపిస్తారు. అతను పైనున్న పేరు నొక్కుతున్నాడు, అది రాజవ్వ వాళ్ళ ట్యాబ్. ట్యాబులూ, ఆ ఫోనూ సేటు ఖాతా మీదే ఉన్నాయి కనుక తీసుకోవాలా వద్దా అని అవతల అడగదు కూడా.

నాకు ఇంకా మండుతున్నది ఆ తర్వాత జరిగిన దానికి. "గిదా ముచ్చట," అని నవ్వి, ఇంకో పేరు నొక్కి, బొమ్మ తెప్పించుకొని తన పనిలో పడ్డాడు సంతోష్. నన్ను దారాల దగ్గరే వదిలేశాడు. సేటు వచ్చినప్పుడు నేనే లేచి వెళ్ళాను.

"సేటూ, ఆ ట్యాబులకు దేవుని పేరు తీపియ్యుండ్రి. నంబర్లు పెట్టియ్యుండ్రి."

"నువ్వేనా గీ మాట అనేది? శనివారం ఒక్కపొద్దు ఉంటవ్, అంజన్న పేరు తియ్యమంటవా?"

"అంజన్న అన్ని కాడ ఉంటడు సేటూ. ట్యాబ్ ఒక్క కాడనే ఉండాలె గద. రేపు మల్ల బొమ్మ ఇంకో షెడ్డుకు పోతె మల్ల నా బొట్టునే అంటరు."

"సరే, తీపిస్త. పోయి నీ టేబుల్ కాడ నిలబడు," అన్నాడు సేటు.

"నిలబడ. సంతోష్ అందరి ముందట అన్నడు. నా తప్పు కాదని అందరి ముందటనే అనాలె. గప్పటిదాక దారాలే కత్తిరిస్త."

"చిన్న ముచ్చట. గింత లాగుతవేందమ్మా?"

ఎవరికి చిన్నదక్కా? తన మీద పడితే తెలిసేది. నేను మాత్రం వెళ్ళి దారాల దగ్గరే కూర్చున్నాను. శుక్రవారం సంతోష్ ఫోన్ గ్రూపులో "సారీ అక్క" అని రాసి పక్కన ఒక పువ్వు పెట్టాడు. నేను అతని దగ్గరికే వెళ్ళాను. "నోటితోని అన్నవ్, నోటితోనే ఎనకకు తీసుకో," అని చెప్పాను.

నిన్న పొద్దున మిషన్లు మొదలుకాక ముందు వచ్చి, నేల చూస్తూ, "సుగుణక్క తప్పేం లేదు. నేనే తప్పు కాడ నొక్కిన," అన్నాడు.

"ఇనవడలే," అంది వెనక నుంచి ఎవరో.

మళ్ళీ చెప్పాడు. దారాల కత్తెర అక్కడ పెట్టి టేబుల్ దగ్గరికి వెళ్ళాను. అయినా కోపం పోయిందనుకోకు. దీపం ముందు కూర్చున్నా అతని మాటలే చెవిలో మోగుతున్నాయి. క్షమించే బుద్ధి ఇమ్మని రాజన్నను రోజూ అడుగుతున్నాను, ఇంకా ఇవ్వలేదు.

కోరుట్ల నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే మన చేను పసుపు ఒక డబ్బా పంపు. ఇక్కడ కొన్నదానికి రంగే గాని వాసన లేదు. మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు, సంధ్యకు దీవెనలు. నువ్వూ బావా నన్ను చల్లగా ఉండమని మనసులో అనుకోండి, నాకు అదే చాలు.

ఈ కాగితాలు నీ పెట్టెలోనే దాచుకో, ఎవరికీ చూపకు. తమ్ముడికి అసలే వద్దు. వాడు చూస్తే తెల్లారేసరికి ఇక్కడికి వచ్చి, "ఒకలతోని మాటలు పడుడెందుకే అక్కా, సామాను సర్దు," అంటాడు. నా మీద ప్రేమతోనే అంటాడు. కానీ నేను రాను. రేపు చొక్కాల బొమ్మ వస్తుంది, టేబుల్ దగ్గర నేనుండాలి.

నీ చెల్లెలు,
సుగుణ