ఎవరూ వాడని కోడ్

12 ఆగస్టు 2004

లైనక్స్ కెర్నల్లో, అంటే కంప్యూటర్ని నడిపే అసలు ప్రోగ్రాంలో, నా పేరు పడింది! రాసినందుకు కాదు, తీసేసినందుకు. కంప్యూటర్ లోపల పెట్టే ఏదో పాత కార్డును పనిచేయించే కోడ్, దాని డ్రైవర్, ఎనిమిది వందల లైన్లు. వాడేవాళ్లున్నారా అని కెర్నల్ రాసేవాళ్ల మెయిలింగ్ లిస్టులో నెల కిందటే అడిగా. ఒక్కరూ పలకలేదు. నో యూజర్స్ అని రాసి, దాన్ని తీసేసే ప్యాచ్ పంపా. సదానందం మామకు చెబితే, తీసేస్తే గూడ పేరొస్తదా బిడ్డా అని నవ్వాడు.

20 అక్టోబర్

మా భివండీ పద్మనగర్లో జకార్డ్ మగ్గాలకు డిజైన్ కార్డులు, అంటే చిల్లుల అట్టలు, కొట్టేది మామే. పంచింగ్ మిషన్‌ను నడిపేది ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్. దసరాకు దుకాణం కడుగుతుంటే నేనూ దానికి నా పేరున్న కొత్త కెర్నల్ వేశా. డిస్క్‌లో జాగా లేక పాతది చెరిపేశా. నడిపి చూద్దామంటే మామ ఒప్పుకోలేదు. కడిగిన మిషన్ పూజ అయ్యేదాకా తిరగొద్దట.

22 అక్టోబర్, దసరా

మామ పసుపు నీళ్లు చల్లి కంప్యూటర్‌కు బొట్టు పెట్టాడు. తర్వాత నాకు.

23 అక్టోబర్, పొద్దున 9

స్క్రీన్ వచ్చింది. పంచింగ్ మిషన్ కదల్లేదు. మామ దగ్గర కొట్టించుకునే పర్శరాములు మగ్గాలు నాలుగూ కార్డుల కోసం ఆగి ఉన్నాయి.

నీళ్లు లోపటికి పోయినయి, నా చేతులతోనే ఖరాబ్ చేసుకున్న అని మామ తల పట్టుకున్నాడు.

కంప్యూటర్ డబ్బా విప్పి, మిషన్ వైరు తగిలించిన కార్డు మీది నంబర్ చదివా. నేను తీసేసిన డ్రైవర్ దీనిదే. చూద్దాం మామా అన్నా, అంతే.

25 అక్టోబర్

పాత కెర్నల్ సీడీలో తెచ్చి వేశా. మిషన్ నడిచింది. నువ్వు లేకుంటే మునుగుదుము బిడ్డా అన్నాడు మామ. శాంతత్త లడ్డూ పెట్టింది. తిన్నా. సిగ్గులేదు నాకు.

బొంబాయి మిల్లులు తుక్కు కింద అమ్మేసిన మగ్గాల మీద మా నాన్న మమ్మల్ని సాకాడు. ఆ ఇంట్లో పుట్టి, ఎవరూ వాడట్లేదని ఎలా రాశాను? నేను అడిగింది ఇంగ్లీషులో, మామ లేని చోట.

2 నవంబర్

తప్పు నాదేనని, ఒక యూజర్ ఉన్నాడని, భివండీలో ఉన్నాడని లిస్టుకు రాశా. డ్రైవర్ మళ్లీ పెట్టారు. లోకమంతా చదివే చోట సారీ చెప్పా. రెండు గల్లీల అవతలున్న మామకు చెప్పలేదు.

12 అక్టోబర్ 2005, దసరా

మామ తలుపుకు, కుర్చీకి, పంచింగ్ మిషన్‌కు బొట్లు పెట్టాడు. కంప్యూటర్ దగ్గరికొచ్చి ఆగాడు. తడి చేతులు వెనక్కి పెట్టుకుని, దూరం నుంచే తల వంచాడు. గిట్లయితే ఏం గాదు గద బిడ్డా అని అడిగాడు.

ఏం కాదు మామా, అన్నా.