బీగిల్ గురించి ఫోన్లో చెప్పినవీ, చెప్పనిదీ

చిన్నోడా,

దొరగారికి ఏడింటికి ఒక్క గిన్నె పెట్టు. మూడు రోజులుగా పస్తున్నట్టు మొహం పెడతాడు, నమ్మకు. బీగిల్ కుక్కంటే అంతే, పెట్టేకొద్దీ తింటుంది. చెవులు దూదితో పైపైన తుడువు, లోపలికంటా పొడవకు. బయట గొలుసు మాత్రం వదలకు. వాసన తగిలిందంటే మన పిలుపు వాడి చెవికెక్కదు. మొన్న బేకరీ వెనకాల దొరికాడు.

కుక్కని ఎవరికైనా ఇచ్చేస్తామని నువ్వు వేయించిన ప్రకటన చూసి పొద్దున ఒకాయన ఫోన్ చేశాడు. "పిల్లలున్న ఇంటికి మంచి జాతేనా అమ్మా?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఒంటరిగా వదిలితే వీధంతా వినపడేలా ఊళ పెడతాడని, సోఫా చెయ్యి కొరికేశాడని, ఆ వెంట్రుకలతో ఈ ఇంట్లో నల్లచొక్కా వేసుకునే యోగం ఎవరికీ లేదని. పుస్తకంలో బొమ్మ చూసి ముచ్చటపడి తెచ్చిన మా తమ్ముడికి మూడు నెలలకే మొహం మొత్తిందని కూడా చెప్పాను. ఆలోచించుకుంటానన్నాడు. నువ్వొచ్చాక మళ్లీ చేస్తాడు, నువ్వే మాట్లాడుకో.

కుక్క వద్దు మొర్రో అన్నది నేను. దువ్వెన పట్టుకుని దాని వెనకాల తిరుగుతున్నదీ నేనే. సరే, డ్యూటీ టైమైంది.

అక్క

ఆయనకి ఒక్కటి చెప్పలేదు. నువ్వొచ్చే వేళకి గంట ముందే దొరగారు వెళ్లి, నీ పాత బూటు మీద గడ్డం ఆనించి గుమ్మంలో పడుకుంటాడు. ఆయన అది విన్నాడంటే ఆలోచించకుండా వచ్చి తీసుకుపోతాడని భయమేసింది.