సంచి మార్చే పని

అక్కా, తప్పులుంటే ఏమనుకోకు. ఐదో తరగతిలనే బడి మానేసిన, అక్షరాలు వంకరగ వస్తయి.

నువ్వు చనిపోయినంక ఆయన నన్ను చేసుకున్నడు. పుస్తెలతో పాటు నీ పేర సవతి బిళ్ల నా మెడల ఏసిండ్రు. కొత్త చీర ఏదైనా ముందుగాల నీ బిళ్లకు పెట్టినంకనే కట్టుకుంట.

నిన్న జనగామ దవాఖాన నుంచి నర్సమ్మ వచ్చింది. ఆయన లెక్క మూత్రాశయం తీసేసి పొట్టకు మూత్రం సంచి పెట్టినోళ్లు ఇన్నేండ్లకు ఎట్లున్నరో దేశమంతట అడుగుతున్నరట. నేను తలుపు చాటున నిలబడ్డ.

"సంచి ఎవరు మారుస్తరు?"

"మా సుజాత," అన్నడు. నీ పేరు! నాకు ఒళ్లు మండింది. నువ్వు పోయినప్పటి నుంచి ఆయనే గొళ్లెం పెట్టుకుని మార్చుకుంటడు, నన్ను రానియ్యడు.

నర్సమ్మ నా దిక్కు చూసింది. "సుజాతా, సంచి చుట్టు పుండైతుందా?"

నాకేం తెలుసు? సిగ్గుకు నా పేరు గూడ చెప్పలే. లేదని తలూపిన.

ఆమె పోయినంక ఆయన నవ్విండు. "నీ పేరు చెప్పొచ్చు గద, లక్ష్మీ?"

"మీరు చెప్పొచ్చు గద!" అన్న. ఆయనకు ఎదురు మాట్లాడుడు గదే మొదలు.

ఇయ్యాల పొద్దున ఆయన గొళ్లెం పెట్టలే. సంచి నేనే మార్చిన. ఒక పక్క తోలు ఎర్రగ కందింది, కొబ్బరినూనె తగిలితే సంచి అతకదని ఆయన చెప్తే ఉత్త నీళ్లతో మెల్లగ తుడిచిన. నువ్వు యాదికొస్తున్నవేమో అని ఆయన మొఖమే చూసిన.

చీరలైతే ముందు నీకే పెడత అక్కా. గీ పని మాత్రం పెట్ట. ఆయన కలలకొచ్చి అడుగకు.

చదివినంక గీ కాయితం కాల్చెయ్యి.