నాలుగో మూల

పెడన,
1997, ఆషాఢ మాసం.

నాగాయలంకలో ఉన్న అల్లుడు అంకమ్మరావుకి,

నేను నాగమల్లేశ్వరిని. వయసు డెబ్బైకి దగ్గర. కలంకారీ అచ్చులు వేసే వెంకట్రామయ్య గారి పెళ్ళాన్ని. ఆయన పోయారు, ఇంట్లో నేనొక్కదాన్నే. మిఠాయి కొట్లకు కాగితం పెట్టెలు మడిచి బతుకుతున్నాను. అక్షరం రాదు గనక పక్కింటి కోడలు కనకమహాలక్ష్మి చేత రాయిస్తున్నాను. నేను అన్నది అన్నట్టే రాయమన్నాను, తిట్లతో సహా.

తొంభైలో తుఫాను నీళ్ళు మీ ఊరిని ముంచినప్పుడు నా కూతురు భానుమతి కొట్టుకుపోయిందన్నావు. శవం చూపించలేదు. ఇప్పుడు నీకు పిల్లనిచ్చేవాళ్ళు మొదటి పెళ్ళాం సంగతి తేల్చమన్నారట. దర్భలతో బొమ్మ చేసి తగలబెడతావట. నేనొచ్చి దాని ముందు కూర్చుని ఏడ్చి, నా కూతురు చచ్చిపోయిందని పెద్దల కాగితం మీద వేలిముద్ర వెయ్యాలట. గడ్డిబొమ్మకు ఏడవడానికి నేనేం పిచ్చిదాన్నట్రా? నా కూతురి వీపు మీద నీ బెల్టు వాతలకు ఈ చేతులతోనే వెన్న రాశాను. అది పోయిందని నేనొప్పుకుంటే నువ్వు మంచివాడివైపోతావు. ఒప్పుకోను.

"చావలేదంటోందిగా మీ అత్త! అయితే వెతుకుతా. ఎక్కడ దొరికినా జుట్టు పట్టి ఈడ్చుకొస్తా" అని ఊరంతా అంటున్నావట. వెతుకు. కొట్టుకుపోయిందన్నావుగా, ఏటి అడుగున వెతుకు.

నా మాటకు గుర్తు నా ఎడమ బొటనవేలు.
రాసింది: కనకమహాలక్ష్మి. విన్నది: ఎదురింటి ఎల్లమ్మ.


పెడన,
శ్రావణ మాసం.

అమ్మా భానూ,

ఈ పేరుతో నిన్ను పిలవడం ఇదే ఆఖరు. అక్కడ నీ పేరు వందనట కదా.

మన ఎల్లమ్మ గుడివాడలో పెళ్ళికెళ్ళి నాకు కాజాలు తెచ్చింది. తిన్నాక పెట్టెను విప్పి పొయ్యిలో పెట్టబోయి ఆగిపోయాను. ఎవరు మడిచినా అడుగున నాలుగు మూలల్నీ మధ్యకు చేర్చి వదిలేస్తారు. అక్కణ్ణించి పాకం కారుతుందని మన ఇంట్లో నాలుగో మూలను పక్కదాని కిందకు దోపుతాం. నేను కుడివైపుకి దోపుతాను. పుర్రచేతివాటం దానివి, నువ్వు ఎడమవైపుకి. ఎంత మొత్తుకున్నా మార్చుకోలేదు. ఈ పెట్టెలో మూల ఎడమవైపుకే దోపి ఉంది.

"ఏంటొదినా, కాజా గొంతుకడ్డం పడిందా?" అంది ఎల్లమ్మ.

మర్నాడే పాసింజరెక్కి ఎల్లమ్మ కాజాలు కొన్న కొట్టుకెళ్ళాను. కొట్టు పున్నయ్యగారు, "మా వందనమ్మ మడుస్తుందండీ, సాయంత్రం వస్తుంది" అన్నారు. సోడాబండి చాటున నిలబడ్డాను. పెట్టెల మూట చంకన పెట్టుకుని వచ్చావు. పక్కన ఎవరో సైకిలు నడిపించుకుంటూ ఏదో అన్నాడు. నువ్వు పకపకా నవ్వి, ఎడం చేత్తో అతని భుజం మీద ఒక్కటిచ్చావు. నోరు తెరిచాను. నేను భానూ అంటే బజారంతా తిరిగి చూస్తుంది. మూసుకున్నాను. బుద్ధెరిగాక నేను నోరు మూసుకోవడం అదే మొదలు.

తిరుగు రైల్లో నిన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. ఒక్క కబురు పంపలేదేమే? కన్నతల్లికి కూడా చచ్చినదానివేనా? పెడన దగ్గర పడ్డాక తెలిసొచ్చింది. నువ్వున్నావని తెలిస్తే వీధివీధికీ వెళ్ళి చెప్పుకునేదాన్ని, వాడి చెవిన పడేది. వాడికి జడిసి పారిపోయావు. నా నోటికి జడిసి చచ్చిపోయావు.

ఇప్పుడు వాడు నిన్ను వెతుకుతున్నది నేను ఒప్పుకోలేదనే. అందుకని ఎల్లుండి నాగాయలంక వెళ్తున్నాను. గడ్డిబొమ్మ ముందు కూర్చుంటాను, వేలిముద్ర వేస్తాను. "ఏడుపు రాకపోతే ఎలా పిన్నిగారూ?" అంటోంది కనకం. రాకపోవడమేమిటే, నా కూతుర్ని కళ్ళారా చూసి పిలవకుండా వచ్చేశాను కదా.

ఈ కాగితాన్ని పెట్టెలా మడిచి, కొట్టువాళ్ళు నీకిచ్చే పాత కాగితాల కట్టలో ఎల్లమ్మ చేత పెట్టిస్తాను. చదివి తగలబెట్టు. నేను మళ్ళీ గుడివాడ రాను. నువ్వూ ఇటు రావద్దు.

ఒక్కమాట మాత్రం విను. మన ఇంటికి వచ్చినప్పుడు నువ్వు మడుస్తుంటే వాడూ పక్కన కూర్చుని చూసేవాడు. ఇకనుంచి నాలుగో మూలను దోపకు. అందరిలాగే వదిలెయ్యి. పాకం కారితే కారనీ.

ఇది నా వేలిముద్ర. ఎల్లుండి పెద్దల కాగితం మీద పడేదీ ఈ వేలే. దాన్ని నమ్మకు, దీన్ని నమ్ము.
సాక్షులు: రాసిన కనకమహాలక్ష్మి, కాజాలు తెచ్చిన ఎల్లమ్మ. ఇద్దరిచేతా ఒట్టు వేయించుకున్నాను.