పొట్ట చల్లబెట్టించుకున్న సంగతి

కరీంనగర్,
12 జూన్ 2024

వదినా,

బట్టలుతికిన, మినుములు రుబ్బిన, మిరపకాయలు ఎండబోసిన. ఇప్పుడు కూర్చొని రాస్తున్న.

"మా తమ్ముడు దుబాయ్ నుంచి వచ్చేసరికి గా పొట్ట తగ్గించుకో, లేకుంటే చూసి మళ్ల విమానమెక్కుతడు" అని మీరు నలుగురిల నవ్విండ్రు. ఆపరేషన్ లేకుండ కొవ్వును గడ్డకట్టించి కరిగిస్తరని ఇరవై వేలు మీరే ఇచ్చిండ్రు. మిషన్ గంటసేపు పొట్టను మంచులెక్క గుంజి పట్టింది. నెల రోజులు అక్కడ స్పర్శ తెలియదని డాక్టరమ్మ చెప్పింది.

నిన్న అన్నం వారుస్తుంటే వేడి గిన్నె పొట్టకు ఆనింది. నాకు తెలియనే లేదు. చీర కాలిన వాసనొచ్చినంక చూస్తే అరచేయంత బొబ్బ. మీ తమ్మునికి ఫోన్ల చెప్పిన.

"సరే గని, పొట్ట తగ్గిందా?" అన్నడు.

ఈ నెల చిట్టి ఎత్తి మీ ఇరవై వేలు పక్కింటి రమతో పంపుతున్న, లెక్క చూసుకోండ్రి. ఇగ నా పొట్ట ముచ్చట మీరిద్దరు ఎత్తొద్దు. మీ అప్పు తీరింది.