నీ తీరానికి కంచె

మార్లిన్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకు తెలుగు రాదు. అయినా ఇంగ్లిష్‌లో రాస్తే, మనిద్దరం నర్సులుగా పనిచేసిన వార్డు రిపోర్టులా ఉంటుందని ఇలా రాస్తున్నాను.

మీ దీవి బ్రిటన్ రాణిని వదిలించుకుని రిపబ్లిక్ అయింది. అప్పట్లో మనం చేసిన కెనడా సిటిజన్‌షిప్ ప్రమాణంలో ఆ రాణి పేరు రాగానే నా పక్కన పెదవులు బిగించావు. "పుట్టినప్పుడూ ఆవిడ మనిషినే, ఇంత దూరమొచ్చినా ఆవిడ మనిషినేనా?" అన్నావు. నీ కూతురు మీ దీవికి వెళ్ళి రాణి జెండా దించడం చూసింది. జనం ఆనందంతో ఏడ్చారట.

మా నాన్న అస్థికలు గోదావరిలో కలిపామని చెప్తే, నీ బూడిద మీ ఊరి సముద్రంలో కలపమన్నావు. ఆ తీరమంతా ఇప్పుడు విదేశీ కంపెనీ పోర్టు. కొత్త ప్రభుత్వమే లీజుకిచ్చింది. కంచె దగ్గర కాపలావాడు, మీ ఊరివాడే, "పర్మిషన్ కావాలమ్మా" అన్నాడట. ఎవరి పర్మిషనని అడిగితే, పైన ఎగురుతున్న కంపెనీ జెండా చూపించాడట.

"సారీ ఆంటీ" అంటూ నీ కూతురు నీ బూడిద పెట్టె తిరిగి తెచ్చి నా చేతిలో పెట్టింది.

రేపు మన హాలిఫాక్స్ రేవులో ఫెర్రీ పడవ ఎక్కి నిన్ను ఇక్కడి నీళ్ళలోనే కలుపుతాం. కోప్పడకు. ఇక్కడ కెనడాలో ఇంకా ఆ రాణి కొడుకే రాజు.